మా ఆయన రష్యా, మా కోడలి ఊరు

మా ఇంటి ముందుగదిలో దేవుడి పటం లేదు, దేశపటం ఉంది. అదైనా మన దేశానిది కాదు. మా ఆయన పెళ్ళికి ముందు ఒక రష్యా పత్రిక నడిమి పేజీలోంచి ఊడదీసి, అట్టకి అంటించి, ఫ్రేము కట్టించుకున్న సోవియట్ దేశపటం. నేను కాపురానికి వచ్చిన రోజున కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చి, ఎదురుగా ఉన్నదేదో దేవుడే అయ్యుంటుందనుకుని దానికి దణ్ణం పెట్టేశాను. ఆయన పొంగిపోయారు. నేను సరిగ్గా చూసుకోలేదన్న సంగతి పదేళ్ళదాకా ఆయనకి చెప్పలేదు.

మాది నిడదవోలు. ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సు బండికి చిట్టచివర తగిలించిన పెట్టెలో ఒక్కరే కూర్చుని, ఏ స్టేషను ఎన్ని గంటలకి దాటిందో పుస్తకంలో రాసుకుంటూ పోయే ఉద్యోగం అది. ఎర్రజెండా యూనియన్ మనిషి. రష్యా అంటే ప్రాణం. ఆ దేశపు పత్రికలు నున్నటి కాగితం మీద, రంగు బొమ్మలతో, అచ్చ తెలుగులో, కారుచౌకగా వచ్చేవి. ఊళ్ళో అందరూ వాటిని పిల్లల పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళు. మా ఆయన ఒక్కరే చదివేవారు. చదివి ఊరుకుంటే బాగుండును, నమ్మేవారు కూడా.

దెప్పడానికి చెప్పడం లేదు. ఆ నమ్మకం ఫలం తిన్నది నేనే. పెళ్ళయిన ఏడాదికి ఒక పత్రిక తెచ్చి నా ముందు పెట్టి, ట్రాక్టరు నడుపుతున్న ఒక లావుపాటి ఆవిడ బొమ్మ చూపించి, ఆవిడ అంత బండి తోలుతుంటే నువ్వు బడికి వెళ్ళి పాఠం చెప్పలేవా అన్నారు. నాకప్పుడు ఇంటరుతో చదువు మానేసి హాయిగా పడుకోవాలని ఉండేది. చంకలో పిల్లాడితోనే నాచేత డిగ్రీ, ట్రైనింగూ చదివించారు. డ్యూటీ లేని రోజున వంట ఆయనదే, అంట్లూ ఆయనవే. కొడుకు బొగ్గుపొడితో గిన్నెలు తోముతుంటే చూడలేక మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను మునిసిపల్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పానంటే ఆ ట్రాక్టరావిడ చలవే. ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మా అబ్బాయి పైచదువుకి లిథువేనియా వెళ్తానన్నప్పుడు చుట్టాలంతా అదెక్కడుందని ముక్కున వేలేసుకున్నారు. మా ఆయన లేచి పటం దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు అంచున వేలు పెట్టి, ఇదిగో మనదే అన్నారు. ఆ దేశం విడిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. మా ఇంటి గోడ మీద మాత్రం ఎవరూ విడిపోలేదు.

వాడు నాలుగేళ్ళకి తిరిగొచ్చాడు, ఒక పిల్లని వెంటబెట్టుకుని. మొక్కల చదువు చదివిన పిల్ల. రాజమండ్రి రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకుని, ఇద్దరూ గోదావరి అవతల ఒక నర్సరీలో పనికి కుదురుకున్నారు. కాపురం మా ఇంట్లోనే. మా ఆయన సంబరం ఇంతా అంతా కాదు. సోవియట్ నుంచి కోడలొచ్చిందని స్టేషను దగ్గర టీకొట్టు మొదలుకుని చెప్పుకుంటూ పోయారు. ఆ పిల్ల మొదటి వారంలోనే నెమ్మదిగా, మాది సోవియట్ కాదండి, లిథువేనియా అండి, అంది. అదేనమ్మా, అన్నారాయన.

తెలుగు మా ఇంట్లోనే నేర్చుకుంది కాబట్టి దానికి మర్యాద తప్ప మరొకటి రాదు. కుక్కని కూడా 'పక్కకి జరగండి' అనేది. నర్సరీలో కూలివాళ్ళని, కుండీలో మొలకల్ని, ఆఖరికి ఆగిపోయిన మోటారుని కూడా 'అండి' అనే అనేది. ఎండాకాలం వస్తే వాళ్ళ ఊరి వంటకం చేసేది. బీట్‌రూట్ తురిమి, కీరదోసకాయ కోసి, చిలికిన మజ్జిగలో కలిపి ఫ్రిజ్జులో పెడుతుంది. గులాబీ రంగులో ఉంటుంది. నేను దానికి బీట్‌రూట్ మజ్జిగపులుసని పేరు పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం ఆ రంగు చూడగానే రెండు గ్లాసులు తాగి, ఇది కార్మికుల తిండి, చూడగానే తెలిసిపోతోందన్నారు. మర్నాడు ఆయన కడుపు పాడైంది. దానిక్కూడా కారణం అమెరికావాడేనని ఆయన అనకపోవడం నా అదృష్టం.

సాయంత్రమైతే వరండాలో సభ. మా ఆయనకి ఇద్దరే స్నేహితులు. ఒకరు రిటైరైన ఇంజను డ్రైవరుగారు, ఒకరు మా స్కూల్లోనే చేసిన లెక్కల మాస్టారు. ముగ్గురూ ఎర్రజెండాకి పాత కాపులు. పాపం, నలభై ఏళ్ళు పుస్తకాల్లో చదివిన దేశం నుంచి ఒక మనిషి నడిచొచ్చి వాళ్ళ ముందు కూర్చుంటే ఊరుకోగలరా? మీ ఊళ్ళో బడికి డబ్బు కట్టక్కర్లేదట కదా, ఆస్పత్రి ఉచితమట కదా, ఆడవాళ్ళు ఇంజన్లు నడిపేవాళ్ళట కదా అని ఒకటే ప్రశ్నలు. అది ఉన్నదున్నట్టు చెప్పేది. బడి ఉచితమేనండి, మా అమ్మ కూడా అలాగే చదివిందండి, అంటే ముగ్గురి ముఖాలూ వెలిగిపోయేవి. మా అమ్మమ్మ ఊళ్ళో పాత పాటలు పాడితే పట్టుకుపోయేవారండి, అంటే మాత్రం వాళ్ళు ఒప్పుకునేవారు కాదు. నీకు తెలీదమ్మా, నువ్వు తర్వాత పుట్టావు, అదంతా పెట్టుబడిదారుల ప్రచారం, అని ముగ్గురూ కలిసి దాని దేశం గురించి దానికే పాఠం చెప్పేవారు. అది బుద్ధిగా 'ఆయ్' అంటూ వినేది. లోపలికొచ్చి నాతో, మావయ్యగారికి మా ఊరు నాకంటే బాగా తెలుసండి, అని నవ్వేది. నాకైతే పోపు గరిటె పట్టుకుని వరండాలోకి వెళ్ళాలనిపించేది.

ఒకరోజు అది స్కెచ్ పెన్ను తీసుకుని పటం ముందు నిలబడి, ఒక గీత గీసుకోవచ్చాండి, అని అడిగింది. ఆయన గీసుకోమన్నారు, ఏదో ఊరు గుర్తు పెట్టుకుంటుందనుకుని. అది ఫ్రేము అద్దం మీద, తమ దేశం చుట్టూ సరిహద్దు గీసింది. చింతగింజంత ఉంది. ఆయన దాన్ని చూసి, వెళ్ళి పేపరు చదువుకున్నారు. తుడవలేదు. అద్దం తుడిచే పని నాదే కాబట్టి నేనూ తుడవలేదు.

నీకు కోపం రాదా అని ఒకసారి అడిగాను. కాకరకాయలు తరుగుతోంది. అది చెప్పిన మాట ఇప్పటికీ నా మనసులో ఉంది.

"మావయ్యగారు చెప్పే దేశం మా వైపు లేదండి. నేను వెతికినా కనబడలేదు. ఇక్కడికొచ్చాక చూశానండి. మావయ్యగారు అంట్లు తోముతారు. గ్యాంగుమెన్ల పిల్లలకి వరండాలో లెక్కలు చెప్తారు. ఎవరొచ్చినా కులం అడక్కుండా పక్కన కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఆ పుస్తకాలు అబద్ధమేనండి. ఈయనొక్కరే వాటిని నిజం చేసేశారు."

ఆ మాట ఆయనకి చెప్తే మొదటి సగం విని పోట్లాటకి వస్తారని చెప్పలేదు.

ఒక్కచోట మాత్రం అది నవ్వి ఊరుకోలేకపోయేది. అది వాళ్ళ అమ్మమ్మ విషయం. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మే పెంచింది. ఎనభై దాటిన మనిషి, పల్లెటూళ్ళో ఒక్కతే ఉంటుంది. ఆదివారం ఆదివారం ఫోన్లో కనబడేది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఆవిడని పలకరించడానికి పది రోజులు సాధన చేశారు. ఎప్పుడో కొనుక్కున్న రష్యన్ భాషా బోధిని తీసి, మీ మహత్తర సోవియట్ దేశానికి నా విప్లవ వందనాలు అన్న వాక్యం బట్టీ పట్టారు. ఫోను ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, తడబడకుండా అప్పజెప్పారు. ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. వెంటనే ఫోను ఆగిపోయింది. సిగ్నల్ పోయిందండి, అంది కోడలు. ఆ తర్వాత ఎప్పుడు మా ఆయన ఫోను ముందుకొచ్చినా సిగ్నల్ పోయేది. రెండేళ్ళు పోయింది. ఈయన టెలిఫోను కంపెనీని తిట్టుకునేవారు.

అలా ఉండగా కోడలికి నెల తప్పింది. మామూలుగా అయితే తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. దాని పుట్టిల్లంటే ఆ ముసలావిడే. అంతదూరం ఎక్కడ పంపుతాం? అందుకని అత్తగారినీ నేనే, అమ్మనీ నేనే అయి, పగలు కారాలు తగ్గించి, సాయంత్రం కాళ్ళు పట్టాను. రాజమండ్రి ఆస్పత్రిలో మండుటెండల్లో ఆడపిల్ల పుట్టింది. తెల్లగా, జుట్టు లేకుండా, ముక్కు మాత్రం అచ్చం మా ఆయనదే. ఆయన ఆస్పత్రి వరండాలోనే నిలబడి డ్రైవరుగారికి, మాస్టారికి ఫోన్లు చేశారు.

"రష్యా పుట్టిందండి," అన్నారు.

ఆ పేరు ఆయన ఎప్పటినుంచో దాచుకున్నది. మా వైపు ఎర్రజెండా ఇళ్ళల్లో ఇది ఉన్నదే. మా ఊళ్ళోనే రష్యాలు ఇద్దరున్నారు, ఒకావిడ రిటైరైంది కూడా. మా కడుపున ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలనుకున్నారు. పుట్టినవాడు మగాడవడంతో పేరు అలా ఉండిపోయింది. ఇప్పుడు ఏకంగా ఆ వైపు నుంచి వచ్చిన కోడలికే ఆడపిల్ల. ఇరవయ్యొకటో రోజున బారసాల, పంతులు లేకుండా, యూనియన్ వాళ్ళందరి మధ్యా ఆయనే పేరు ప్రకటిస్తారు. అంతా ఆయన మనసులో ఖాయమైపోయింది. అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు.

పన్నెండో రోజున, పిల్లకి నలుగు పెట్టి పడుకోబెట్టాక, కోడలు వరండాలోకి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. స్నేహితులిద్దరూ ఇంకా రాలేదు.

"మావయ్యగారండి, ఆ పేరు వద్దండి. ఆ పేరు పెడితే బారసాల రోజున మా అమ్మమ్మ ఫోనెత్తదండి. ఆ తర్వాత కూడా ఎత్తదండి. పుట్టింటివైపు నాకున్నది ఆవిడ ఒక్కరేనండి."

ఆయన తెల్లబోయారు. ఎందుకెత్తదమ్మా అన్నారు. అప్పుడు చెప్పింది. అమ్మమ్మకి ఐదేళ్ళప్పుడు వాళ్ళ కుటుంబాన్ని ఇల్లూ వాకిలీ లాక్కుని సైబీరియాకి పంపేశారు. తిరిగొచ్చేసరికి పెళ్ళీడుకొచ్చింది. మా ఆయన వెంటనే తన అలవాటు ప్రకారం, ఊరికే ఎవరినీ పంపరమ్మా, పెద్ద భూస్వాములై ఉంటారు, అనేశారు.

"రెండావులండి. ఒక గుర్రమండి," అంది కోడలు. "మన పాలాయనకి నాలుగు గేదెలున్నాయండి."

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. బాలింతరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్తుంటే ఆయన ఇంకా వాదానికి దిగితే ఆ పూటతో ఆ పటం గోడ దిగిపోయి ఉండేది. ఆయన వాదించలేదు. అంత దూరం ఎలా తీసుకెళ్ళారు, అన్నారు. అది కేవలం రైల్వే మనిషి అడిగిన ప్రశ్న.

గూడ్సు బండిలోనండి, అంది కోడలు.

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఏ రకం వ్యాగను, మూతదా, పైన తెరిచిందా? మూతదేనండి. తలుపులకి బయట గొళ్ళెమా? ఆయ్. ఒక్కో వ్యాగన్లో ఎంతమంది? నలభై యాభై మందటండి. ఏ నెల? మంచి ఎండాకాలమండి. ఎన్ని రోజులు? మూడు వారాలండి. మే నెలలో ఇనప వ్యాగన్ని చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో నిడదవోలు యార్డులో ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. గొడ్ల వ్యాగన్లు తగిలించిన రోజున, నీళ్ళు పెట్టించందే జెండా ఊపనని స్టేషను మాస్టర్లతో గొడవపడేవారు ఆయన. ఆ గొడవల మీద ఒకసారి మెమో కూడా తిన్నారు.

"అమ్మమ్మకి ఒక చెల్లెలుండేదటండి, ఎనిమిది నెలల పిల్ల. దారిలో పోయిందండి. ఏదో స్టేషన్లో బండి ఆగితే దింపేశారటండి. ఏ స్టేషనో అమ్మమ్మకి తెలీదండి."

ఆయన మెల్లగా అన్నారు.

"సైనికులు ఉంటారు, సరే. బండికి గార్డుంటాడు కదమ్మా. గార్డు జెండా ఊపకుండా బండి కదలదు. ఆ స్టేషన్లో కూడా ఎవడో ఊపే ఉంటాడు. ఎన్ని గంటలకి కదిలిందో పుస్తకంలో రాసే ఉంటాడు."

స్నేహితులు వచ్చారు. ఆ సాయంత్రం సభ జరగలేదు. ముగ్గురూ టీ తాగి లేచారు.

మర్నాటి నుంచి మా ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. పటం గోడ మీంచి దింపి టేబులు మీద పెట్టారు. మా కుట్టుమిషను దారం కండె తీసుకున్నారు. మా అబ్బాయి చేత కంప్యూటర్లోంచి ఆ దేశపు పాత రైలుమార్గాలు తీయించారు. దారం పెట్టి మలుపు మలుపుకీ కొలవడం, కాగితం మీద రాసుకోవడం. ఏం చేస్తున్నారంటే, ఆ స్టేషను ఎక్కడో చూస్తానే, అన్నారు. ఆ రోజుల్లో బొగ్గింజన్లు, నీళ్ళకి ఎంత దూరానికొకసారి ఆగాలో డ్రైవరుగారిని అడిగారు. ఒంటి లైనైతే ఎదురొచ్చే బళ్ళకి దారిచ్చి పక్క లైన్లో ఎన్ని గంటలు పడి ఉండాలో ఈయనకే తెలుసు. సగటు వేగం మాస్టారు కట్టారు. పేరు వద్దందని అలిగి కూర్చోవాల్సిన ముగ్గురు ముసలివాళ్ళు మూడు రోజులు ఆ టేబులు చుట్టూనే ఉన్నారు. భోజనానికి కూడా నేను కేకలేస్తేగాని లేవలేదు. వాళ్ళని అంత శ్రద్ధగా చూసి నాకు ఎందుకో సంతోషం వేసింది.

లెక్క తేలడానికి ఒక గుర్తు కావాలి. ఆయన ఒక కాగితం మీద తొమ్మిది ప్రశ్నలు రాసి, అమ్మమ్మగారిని అడిగి పెట్టమ్మా, అని కోడలికిచ్చారు. ఎప్పుడెప్పుడు ఆగింది, పొద్దున్న ఎండ ఏ వైపు చీలికలోంచి పడేది, పెద్ద వంతెన ఏదైనా దాటారా, ఇలాంటివి. ఆవిడ జవాబిస్తుందని నేననుకోలేదు. రెండో రోజున ఒక్క ప్రశ్నకి జవాబొచ్చింది. కోడలు చదివి వినిపించింది. వంతెన దాటామంది ఆవిడ. తనకి వంద దాకానే లెక్కలొచ్చట. చప్పుడు మారగానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వంద అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. మూడు వందలయ్యాక వంతెన అయిపోయింది. చెల్లెలు మర్నాడు పోయింది.

గోదావరి వంతెన మీద గూడ్సుతో ఎన్ని వేలసార్లు వెళ్ళారో మా ఆయనకే తెలీదు. మూడు వందల లెక్క వినగానే కళ్ళు మూసుకుని, వేలితో టేబులు మీద కొడుతూ, ఆ వేగం, ఆ పొడవు తనలో తాను లెక్కగట్టుకున్నారు. మన వంతెనలో సగం ఉంటుందన్నారు. ఆ దారిలో అంత వెడల్పు నదులు రెండే ఉన్నాయి, రోజులు చూస్తే అందులో ఒకటే కుదురుతుంది. అక్కడి నుంచి మర్నాటి దాకా బండి ఎంత దూరం పోగలదో కొలిచి, నీళ్ళకి ఆగాల్సిన స్టేషన్లు రెండు తేల్చారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి, అంతకంటే గట్టిగా చెప్పలేనన్నారు.

అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, ఆయన సర్వీసులో రాసిన గార్డు పుస్తకంలో లాగే గళ్ళు గీశారు. బండి, వ్యాగన్లు, దాటిన వంతెన, ఆగిన స్టేషను. కింద ఆయన దస్తూరీతో, ఈ రెండిట్లో ఒకచోట ఎనిమిది నెలల ఆడపిల్లని దింపారు, అని రాశారు. పక్కన పేరు అని రాసి, ఆగిపోయి, కోడలిని పిలిచారు. పేరేంటమ్మా అని అడిగారు. దానికీ తెలీదు. అమ్మమ్మ ఎప్పుడూ చెల్లి అనే అనేదిట. మళ్ళీ అడిగి పెట్టింది. సాయంత్రానికి పేరు వచ్చింది. రెండక్షరాలు, మన నోటికి కష్టమేమీ కాదు. ఇక్కడ రాయను. అది ఇప్పుడొక మనిషి సొంత ఆస్తి, పెద్దయ్యాక తనే చెప్పుకుంటుంది.

ఆయన ఆ గడి నింపి, కాగితం ఫొటో తీయించి పంపించారు. నాలుగు రోజులు ఇంట్లోకీ వరండాలోకీ తిరిగారు. బారసాల రెండు రోజులుందనగా, పొద్దున్న ఇడ్లీ తింటూ కోడలితో అన్నారు.

"అమ్మమ్మగారిని ఒకమాట అడుగు తల్లీ. ఆ పసిదాని పేరు మన పిల్లకి పెట్టుకోవచ్చా అని. వద్దంటే లేదు."

ఆయన ఒకరిని అంత భయంగా అడగడం నేను పెళ్ళయ్యాక మొదటిసారి చూశాను. కోడలు తలవంచుకుని తన ఇడ్లీలో సగం ఆయన పళ్ళెంలో వేసి ఫోను తీసుకుంది. జవాబు రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. మా అక్క వచ్చి, చచ్చిపోయిన పసిపిల్ల పేరేంటే, అరిష్టం కాదూ అంది. పోయిన తాతల పేర్లు ముత్తాతల పేర్లు పెట్టుకునేవాళ్ళకి ఇదేం అరిష్టం, అని నోరు మూయించాను గాని నాకూ గుబులుగానే ఉంది. కోడలు మాత్రం, మా అమ్మమ్మ వద్దంటే వెంటనే వద్దంటుందండి, అంది.

బారసాల రోజున ఇల్లంతా జనం. యూనియన్ వాళ్ళు, నర్సరీ కూలీలు, పాలాయన, మా స్కూలు వాళ్ళు. పంతులు లేడన్న మాటేగాని ఉయ్యాలకి బంతిపూలు కట్టాను, శనగలు నానబోశాను, పళ్ళెంలో బియ్యం పోశాను. ఆ మాత్రం దేవుడు లేనివాళ్ళకీ ఉండాలి. పుట్టింటివాళ్ళు కూర్చోవలసిన చోట ఒక పీట వేసి, దాని మీద ఇత్తడి బిందె పెట్టి, బిందెకి ఫోను ఆనించాం. కోడలు పట్టుచీరలో, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నంబరు నొక్కింది. మోగుతోంది. మా ఆయన ఫోనుకి కనబడకుండా తలుపు చాటుకి వెళ్ళి నిలబడ్డారు. ఇంటినిండా ఉన్న జనమంతా ఆ మోత వింటున్నారు. నాలుగోసారి మోగి, ఆగి, ఆవిడ కనబడింది. జుట్టు నున్నగా దువ్వుకుని, మంచి గౌను వేసుకుని, వంటింటి బల్ల దగ్గర బిగుసుకుని కూర్చుంది. పెళ్ళికి తయారైనట్టు తయారైంది.

కోడలు మా ఆయన్ని పిలిచింది. ఆయన రాకపోతే నేనే రెక్క పుచ్చుకుని లాక్కొచ్చాను. సిగ్నల్ పోలేదు. ఆవిడ ఆయన్ని తేరిపార చూసి, తల కొంచెం వంచింది. ఆయన రెండు చేతులూ జోడించారు. ఏ భాషలోనూ ఏమీ అనలేదు.

మా అబ్బాయి నా ఉంగరంతో బియ్యంలో ఆ రెండక్షరాలూ రాశాడు. వంగి చూసిన ఒక యూనియన్ కుర్రాడు అయోమయంగా, రష్యా అన్నారు కదండి, అన్నాడు. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన ఉపన్యాసం ఇస్తారని నేను భయపడ్డాను. నాలుగు ముక్కల్లో తేల్చేశారు.

"ఆ దేశాన్ని నేను పుస్తకాల్లో చూశానయ్యా. ఈ పేరు గల పిల్ల దాన్ని వ్యాగన్లోంచి చూసింది. మనం ఎవరి పేరు పెట్టుకోవాలి?"

లెక్కల మాస్టారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆడవాళ్ళం ఉయ్యాల చుట్టూ చేరాం. పిల్ల నిద్రపోతోంది. తాడు పట్టుకుని ఊపుతూ, ఆనవాయితీ ప్రకారం, అందరం ఒక్కసారిగా ఆ పేరు పెట్టి పిలిచాం. ముప్ఫై గొంతులు, నిడదవోలు యాసలో.

ఫోనులో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏదో అంది. కోడలు మా వైపు తిరిగి చెప్పింది.

"ఇంకొకసారి పిలవమంటున్నారండి."

ఈసారి మా ఆయన వచ్చి, ఉయ్యాల మీదికి వంగి పిలిచారు. ఆవిడ ఒక వేలు ఎత్తి చూపించింది, ఇంకోసారి అని. డ్రైవరుగారు పిలిచారు, ఆయన గొంతు ఇంజను కూత కంటే తక్కువేం కాదు. పాలాయన పిలిచాడు. నేను పిలిచాను. ఆవిడ ఏడుస్తూనే వేలు ఎత్తుతోంది, మేం నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ పిలుస్తూనే ఉన్నాం. చివరికి పిల్ల నిద్ర చెడి, కాళ్ళు తన్నుకుని, ఇల్లు అదిరేలా కయ్యిమంది. ఆవిడ చెయ్యి దించేసింది. ఆ పేరుతో పిలిస్తే ఒక పిల్ల పలికింది.